తలనొప్పి కథ ముందు, స్కాన్ తర్వాత

టంగుటూరులో ఒక ఆదివారం సాయంత్రం ఒంగోలు నుంచి వచ్చిన నరాల డాక్టరుగారు తలనొప్పుల మీద మాట్లాడారు. రాలేకపోయినవాళ్లు అడుగుతున్నారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా ఆమె అన్నది అన్నట్టే ఉంది.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కిందికి రండమ్మా. ఈ ఉక్కపోతలో అక్కడే నిలబడితే, తలనొప్పి గురించి వినడానికి వచ్చి తలనొప్పితో ఇంటికి పోతారు.

ముందు ఒక మాట అడుగుతాను. మీ బ్యాగుల్లో, జేబుల్లో తలనొప్పి బిళ్ళ ఎంతమందికి ఉంది? సిగ్గుపడకండి, చేతులెత్తండి. చూశారా, సగం మందికి ఉంది. సరే, పోయిన నెలలో ఎన్ని బిళ్ళలు మింగారో ఎవరైనా చెప్పగలరా? ఒక్క చెయ్యీ లేవలేదు. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో తేదీతో సహా చెప్తారు. పొగాకు బేలుకు ఎంత రేటు పలికిందో రూపాయి తేడా లేకుండా చెప్తారు. బిళ్ళల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క గురించే ఇవాళ ఎక్కువ మాట్లాడతాను.

నా దగ్గరికి తలనొప్పితో వచ్చేవాళ్లు కూర్చోగానే సంచిలోంచి స్కాన్ కవరు తీసి బల్ల మీద పెడతారు. "అన్నీ నార్మల్ అన్నారు మేడమ్, నొప్పి మాత్రం తగ్గలేదు" అంటారు. నొప్పి స్కాన్‌లో కనపడదండీ. మైగ్రేన్‌తో పదేళ్లుగా బాధపడే మనిషి స్కాన్ కూడా మామూలుగానే ఉంటుంది. స్కాన్ ఎందుకంటే వేరే జబ్బు లేదని తేల్చుకోవడానికి, అదీ అనుమానం ఉంటేనే. తలనొప్పి ఏ రకమో పట్టిచ్చేది మీరు చెప్పే కథే. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, ఎక్కడ, వాంతి వస్తుందా, వెలుతురు పడుతుందా, నొప్పి వచ్చినప్పుడు పడుకుంటారా, తిరుగుతారా. ఈ చివరి ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

తలనొప్పుల్లో మోటుగా రెండు జాతులు. ఒకదాంట్లో తలనొప్పే జబ్బు. రెండోదాంట్లో జబ్బు వేరే, అది తలనొప్పిగా బయటపడుతుంది. చాలామందికి ఉండేది మొదటి రకమే. ప్రాణం మీదికి తెచ్చేది రెండోది.

మొదటి రకంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది టెన్షన్ తలనొప్పి. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఉంటుంది, మెడ పట్టేస్తుంది, అయినా మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు. దాని గురించి ఎక్కువ చెప్పను. నిద్ర, నడక, మెడ వ్యాయామం, అప్పుడప్పుడూ ఒక పారాసిటమాల్, అంతే.

మనిషిని పడగొట్టేది మైగ్రేన్. మన పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది దీన్నే. చాలామందికి ఒక పక్క కణత దగ్గర మొదలవుతుంది, కానీ రెండు పక్కలా కూడా రావచ్చు. గుండె కొట్టుకున్నట్టు తలలో దడదడమని కొట్టుకుంటుంది. మెట్లెక్కినా, వంగి చీపురు పట్టినా పెరుగుతుంది. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. కిటికీలు మూసేయమంటుంది, టీవీ ఆపమంటుంది, పక్కింట్లో పోపు వేసినా కడుపులో తిప్పుతుందంటుంది. ఒక వాంతి అయి, కాస్త నిద్రపడితే తేలికపడుతుంది. మర్నాడు లేచి మామూలుగా తిరుగుతుంటే, "నిన్నంతా పని తప్పించుకోవడానికి పడుకుందిలే" అని ఇంట్లోనే ఎవరో ఒకరు అంటారు. అనకండమ్మా. అత్తగార్లు కూడా కొందరు ఇక్కడ ఉన్నారు, మీకే చెప్తున్నాను. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఇది సుమారు మూడు రెట్లు ఎక్కువ. నెలసరి దగ్గర మరీ ఎక్కువ. అది వాళ్ల నటన కాదు, హార్మోన్ల పని.

కొంతమందికి నొప్పికి ముందు కళ్ల ముందు వంకర టింకరగా మెరుపు గీతలు వస్తాయి, చూపులో ఒక ముక్క కనపడకుండా పోతుంది. 5 నిమిషాల నుంచి గంట లోపు అది పోయి, నొప్పి అందుకుంటుంది. వాళ్లు బెదిరిపోయి కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. మొదటిసారి వస్తే చూపించుకోవాల్సిందే, తప్పులేదు.

ఎందుకొస్తుంది మైగ్రేన్? ఒకప్పుడు రక్తనాళాలు ఉబ్బడమే కారణమనుకునేవారు. ముఖానికీ మెదడు పైపొరలకూ స్పర్శ తెలియజేసే ట్రైజెమినల్ నరం రెచ్చిపోయి, సీజీఆర్పీ అనే ఒక పదార్థాన్ని వదులుతుందని తర్వాత తేలింది. ఆ పని చేసిన నలుగురికి, లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మోస్కోవిట్జ్, యెస్ ఓలెసెన్ గార్లకు, 2021లో డెన్మార్క్‌వాళ్లు బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి. ఖరీదెక్కువ, అందరికీ అక్కర్లేదు కూడా. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోవాలని కాదు. ఇది మనసు బలహీనత కాదు, నరంలో జరిగే పని అని చెప్పడానికే ఇంత చెప్పాను. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కూడా ఎక్కువ.

ఆ నరాన్ని రెచ్చగొట్టేవి మన ఇళ్లల్లోనే ఉన్నాయి. ఎండ సరే, మే నెలలో మన జిల్లా ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. రెండోది పస్తు. శనివారం ఒక్కపొద్దు, శివరాత్రి ఉపవాసం, ఆ రాత్రి జాగరణ. పస్తూ, నిద్రలేమీ రెండూ ఒకే రోజు! మర్నాడు నా ఓపీ నిండిపోతుంది. ఉపవాసం మానేయమని నేను అనను, అంటే మీరు వినరు కూడా. పాలు, పండ్లు, మజ్జిగ మధ్యమధ్యలో తీసుకోండి, నీళ్లు మానకండి. మూడోది తలస్నానం. నవ్వకండి. తలంటుకుని తడి జుట్టు ముడేసుకుంటే తలనొప్పి వస్తుందని మన ఆడవాళ్లు ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నారు. ముంబైలో డాక్టర్ రవిశంకర్‌గారు 2006లో దాని మీద ఒక పరిశోధనా పత్రమే రాశారు, అచ్చంగా మన దేశపు రోగులను చూసి. అలాంటివాళ్లు పొద్దున్నే హడావిడిలో కాకుండా తీరిక ఉన్నప్పుడు తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటే కొంత నయం.

ఇక సైనస్. "నాకు సైనస్ ఉంది మేడమ్" అని పదిమందిలో ఆరుగురు అంటారు. 2004లో అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న సుమారు మూడు వేల మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి ఉన్నది మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ వేస్తుంది, కంట్లో నీరు కారుతుంది, అందుకే పొరబడతాం. చీము లాంటి చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం ఉంటే అప్పుడు సైనస్ అనుకోండి. ఏళ్ల తరబడి ఆవిరి పట్టి, యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడి, చివరికి మైగ్రేన్ మందుతో తగ్గినవాళ్లు బోలెడుమంది.

మందుల సంగతికి వద్దాం. నొప్పి మొదలైనప్పుడే వేసుకోవాలి. "ఇంకాసేపు చూద్దాం" అని మధ్యాహ్నం దాకా ఆపితే, అప్పటికి మైగ్రేన్‌లో కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన బిళ్ళ అక్కడే ఉండిపోతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, వీటిలో ఏదో ఒకటి, దాంతోపాటు వాంతి ఆగే బిళ్ళ. కడుపులో అల్సరు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వేసుకోకూడదు. వీటికి లొంగకపోతే సుమాట్రిప్టాన్ లాంటివి ఉన్నాయి. అవి మైగ్రేన్ కోసమే 1990ల మొదట్లో వచ్చిన మందులు, బాగా పనిచేస్తాయి. గుండెపోటు వచ్చినవాళ్లకూ, పక్షవాతం వచ్చినవాళ్లకూ అవి ఇవ్వకూడదు. అందుకే షాపులో అడిగి కొనుక్కునే మందులు కావవి.

నెలకు నాలుగైదు రోజులు పడిపోతున్నారనుకోండి, అప్పుడు నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు వేరే ఉంటుంది. ప్రొప్రనలాల్, ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లూనరిజిన్. మనిషిని చూసి ఇస్తాం. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు టోపిరమేట్ గానీ వాల్‌ప్రోయేట్ గానీ ఇవ్వం, కడుపులో బిడ్డకు ప్రమాదం. ఇవి పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిరోజులు వాడి "పనిచేయలేదు" అని వేరే డాక్టరు దగ్గరికి పోతారు మనవాళ్లు. ఆయన అదే మందు వేరే కంపెనీది రాస్తాడు.

ఇప్పుడు లెక్క. జాగ్రత్తగా వినండి. తలనొప్పి బిళ్ళలే తలనొప్పి తెస్తాయి. అవునండీ, అవే! మామూలు పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి నెలలో 15 రోజులు, అంతకుమించి, మూడు నెలలకు పైగా వాడితే వస్తుంది. సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు, కెఫీన్ కలిపిన బిళ్ళలు, ఎర్గోటమిన్ ఉన్న బిళ్ళలు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు అయితే నెలకు 10 రోజులు చాలు. ఎన్ని బిళ్ళలు అని కాదు, ఎన్ని రోజులు అని లెక్క. మెదడు ఆ మందుకు అలవాటుపడిపోతుంది. ప్రభావం దిగిపోగానే మళ్లీ నొప్పి. మళ్లీ బిళ్ళ.

ఒకామెను చూశాను, ఊరు చెప్పను. తెల్లవారుజామున నాలుగున్నరకు తలనొప్పితో మెలకువ వస్తుంది. దిండు కింద బిళ్ళ ఉంటుంది, గ్లాసు నీళ్లు మంచం పక్కనే. టీ కూడా తాగకముందే మింగేస్తుంది. పదకొండుకు ఇంకోటి. ఆమెకు మందుల షాపులో ఇచ్చేది "సెట్". మీకు తెలుసుగా సెట్? చిన్న కాగితం పొట్లంలో మూడు నాలుగు రకాలు, పేర్లుండవు. ఒక పసుపుది, ఒక తెల్లది, ఒక గులాబీ రంగుది. అట్ట ఉండదు కాబట్టి ఏం మింగుతున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమెవి తెప్పించి చూస్తే అందులో ఎర్గోటమిన్ ఉంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. రోజూ పడితే చేతివేళ్లు చల్లబడి నల్లబడే దాకా పోవచ్చు. గర్భిణులు అసలు ముట్టకూడనిది.

మాన్పించాలంటే ఒక దారే, ఆపడం. ఆపిన మొదటి వారం, పదిరోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. వాంతులు, చిరాకు, నిద్ర పట్టదు. చాలామంది మూడో రోజే మళ్లీ షాపుకు పోతారు. అందుకే ముందే చెప్పి, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పి, నివారణ మందు మొదలుపెట్టి ఆపిస్తాం. ట్రమడాల్ లాంటివైతే ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. ఇంట్లో క్యాలెండరు ఉంది కదా, గోడకు. నొప్పి వచ్చిన రోజున ఒక గీత, బిళ్ళ వేసిన రోజున ఒక సున్నా. ఏ స్కాన్ సెంటరూ చెప్పలేనిది ఆ పేజీ నాకు చెప్తుంది.

మగవాళ్లు ఏదో ఆడవాళ్ల జబ్బు అన్నట్టు కూర్చున్నారు. మీకూ ఉంది. క్లస్టర్ తలనొప్పి అని, అరుదే, కానీ ఇంత ఘోరమైన నొప్పి ఇంకోటి ఉండదు. ఒకే కన్ను చుట్టూ, కంట్లో కత్తి దించినట్టు. ఆ కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, రెప్ప వాలుతుంది. పావుగంట నుంచి మూడు గంటల లోపు ఉంటుంది. అర్ధరాత్రి అదే టైముకు వస్తుంది, కొన్ని వారాలు వరసగా వచ్చి, తర్వాత నెలల తరబడి కనపడదు. ఇందాక అడిగాను, పడుకుంటారా తిరుగుతారా అని. మైగ్రేన్ మనిషి కదలడు. క్లస్టర్ మనిషి పడుకోలేడు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు, తల గోడకు కొట్టుకుంటాడు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించినవాళ్లు ఉన్నారు. దీనికి మందు ఆక్సిజన్. మాస్క్ పెట్టి నిమిషానికి 12 లీటర్ల చొప్పున పావుగంట ఇస్తే చాలామందికి దిగిపోతుంది. వెరాపమిల్‌తో మళ్లీ రాకుండా చూస్తాం. ఆ వారాల్లో మందు ముట్టకూడదు. మందంటే ఏ మందో మీకు తెలుసు.

ఈ ఊళ్లో పొగాకు గురించి మాట్లాడకుండా పోతే తప్పవుతుంది. పొద్దున్నే మంచు ఆరకముందే ఆకు కోస్తారు. పచ్చి ఆకు మీది తడిలో నికోటిన్ దిగుతుంది, అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. సిగరెట్ ముట్టని ఆడకూలీకి కూడా మధ్యాహ్నానికి తలనొప్పి, తల తిరగడం, వాంతులు, ఒళ్లంతా నీరసం. ఎండదెబ్బ అనుకుంటారు, లేదా పురుగుమందు పడలేదనుకుంటారు. పొలం నుంచి పక్కకు తీసుకొచ్చి, తడిసిన బట్టలు మార్చి, సబ్బుతో కడిగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. వాంతులు ఆగకపోతే ఆస్పత్రే. మంచు ఆరాక కోయండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి, చేతికి తొడుగులు వేసుకోండి. కూలీల చేత వేయించండి అని రైతులకు చెప్తున్నాను.

ఇంకోటి బ్యారన్, అదే పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే గది. రాత్రంతా మంట చూసుకుంటూ పక్కనే పడుకుంటారు. పొగ గొట్టం ఎక్కడైనా పగిలితే కార్బన్ మోనాక్సైడ్ బయటికి వస్తుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు. తలనొప్పి, వికారం, మత్తు, అంతే. అక్కడ పడుకున్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వస్తే బిళ్ళ వెతక్కండి. ముందు బయటికి, గాలిలోకి రండి, తర్వాత ఆస్పత్రికి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 98 చూపిస్తుంది, నమ్మకండి. ఆ మిషన్‌కు ఈ విషం తేడా తెలియదు. చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నా ఇదే కథ.

ఇప్పుడు ఆలస్యం చేయకూడనివి. ఒక్క నిమిషంలోపే శిఖరానికి చేరే నొప్పి, జీవితంలో ఎప్పుడూ ఇంత నొప్పి రాలేదు అనిపించేది. మెదడులో రక్తనాళం చిట్లి ఉండవచ్చు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకుపోండి. మొదటి ఆరు గంటల్లో తీసిన సీటీలో రక్తం దాదాపు తప్పకుండా దొరుకుతుంది, గంటలు గడిచేకొద్దీ కనిపించడం తగ్గుతుంది. స్కాన్ వద్దంటున్నానని అనుకోకండి, ఇలాంటప్పుడు కావాలి. జ్వరంతో తలనొప్పి వచ్చి మెడ వంగకపోతే, మాట తడబడితే, చెయ్యి కాలు పడిపోతే, ఫిట్స్ వస్తే కూడా అంతే. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులతో నొప్పి వస్తే అది కంట్లో ఒత్తిడి పెరగడం, ఒక్క రోజులో చూపు పోవచ్చు. యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలై, దువ్వెన తగిలినా తల నొప్పెడుతూ, నమిలితే దవడ లాగుతుంటే రక్తపరీక్ష చేయించాలి, చూపు పోకముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి. ముసలివాళ్లు బాత్రూంలో జారిపడి లేచి బాగానే ఉంటారు. మూడు నాలుగు వారాలకు తలనొప్పి, మతిమరుపు, నడక తూలడం. తలలో రక్తం మెల్లగా చేరుతూ ఉంటుంది. ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు.

ఒకదాని దగ్గర మాత్రం ఆగుతాను. బాలింత తలనొప్పి. పురుడు పోసుకున్న రెండు మూడు వారాల్లో తలనొప్పి మొదలై రోజురోజుకూ పెరుగుతుంది, చూపు మసకబారుతుంది, ఒక రోజు ఫిట్స్ వస్తాయి. మెదడు నుంచి రక్తం కిందికి తీసుకుపోయే సిరలో గడ్డ కట్టడం అది. కాన్పప్పుడు ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. దానికి తోడు మనం ఏం చేస్తాం? పథ్యం పేరుతో నీళ్లు కట్టేస్తాం. "పచ్చి బాలింత, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది" అని రోజుకు రెండు గ్లాసులు, అదీ కాచి కొలిచి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం ఇంకా చిక్కబడుతుంది. పాలు ఎక్కడి నుంచి వస్తాయమ్మా, ఆ రెండు గ్లాసుల్లోంచేనా? కారప్పొడి అన్నం పెట్టుకోండి, చెవుల్లో దూది పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నీళ్లు మాత్రం ఆపకండి. త్వరగా తీసుకొస్తే, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే మందుతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కాన్పు తర్వాత బీపీ పెరిగినా తలనొప్పి వస్తుంది, అది కూడా చూడాలి.

చీటీలు వచ్చాయి. "నాకు బీపీ 150, తలనొప్పి దానివల్లేనా?" సాధారణంగా కాదు. 180 మీద 120 దాటితే తలనొప్పి రావచ్చు, 150కి రాదు. తలనొప్పి లేదు కదా అని బీపీ మాత్ర మానేసేవాళ్లు ఇందుకే దెబ్బతింటారు. "అమృతాంజనం రాసుకోవచ్చా?" రాసుకోండి, హాయిగా ఉంటుంది, నెలకు ఎన్ని రోజులైనా సరే.

ఇంకో చీటీ ఒక తల్లి రాశారు. "బాబు ఎనిమిదో తరగతి, బడి నుంచి రాగానే తలపట్టుకుంటాడు, అద్దాలు మార్చినా తగ్గలేదు." పొద్దున ఏం తిని వెళ్తున్నాడు, నీళ్ల సీసా ఖాళీ చేస్తున్నాడా, రాత్రి ఫోను పట్టుకుని ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఈ మూడూ ముందు చూడండి. పిల్లల్లో మైగ్రేన్ గంటా రెండు గంటల్లోనే పోవచ్చు, కడుపునొప్పితో కలిసి కూడా వస్తుంది. పొద్దున లేవగానే వాంతులు అవుతున్నా, నడక మారినా, చదువు ఉన్నట్టుండి వెనకబడినా రేపే తీసుకురండి. నొప్పి వచ్చినప్పుడు పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వండి, కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా. పదహారేళ్ల లోపు పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి. షాపతను ఇచ్చే పొట్లంలో అది ఉందో లేదో చూసుకోండి, అట్ట మీద పేరు లేకపోతే అసలు తీసుకోవద్దు.